రైఫిలుకు ఎదురెళ్లిన అడవిపంది

గొప్పలకు పోయేవాళ్లు అడవుల్లోనూ ఉంటారండీ. అడవిపంది కోరయ్యకు ఆ పొద్దు ఒళ్లంతా గర్వమే. తనను వేటాడ్డానికి కారేసుకొచ్చిన దొర చేతిలో అద్దంలా మెరిసే విదేశీ రైఫిలు ఉంది మరి! దొర వెంట వచ్చిన మనిషి దగ్గరేమో, పేలికలు చుట్టిన పాత నాటు తుపాకీ.

"చూశావుటే కోడలుపిల్లా! ఆ రైఫిలు ఖరీదుతో ఓ ఊరే కొనొచ్చట. నా స్థాయి అదీ! ఆ పాత గొట్టం నీలాంటోళ్లకి," అన్నాడు కోరయ్య, ముళ్లపొదలో పక్కనే నక్కిన కుందేలుతో.

"తగిలితే రెండూ ఒకేలా మండుతాయి మామా. కదలకుండా పడుకో," అంది కుందేలు.

దొర పొదదాకా వచ్చి ఆగిపోయాడు. ముళ్లు గీసుకుంటే రైఫిలు మెరుగు పోతుందట! జేబురుమాలుతో దాన్ని తుడుచుకుంటూ, "పదరా, ఇంటికి పోదాం," అన్నాడు.

కోరయ్యకు తల కొట్టేసినట్టయింది. అంత గొప్ప రైఫిలు తనను చూడకుండానే పోతుందా? "ఇదిగో, ఇక్కడున్నా!" అంటూ రొమ్ము విరుచుకుని బయటికొచ్చాడు.

దొర ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. ఢామ్మంది.

కోరయ్య కూలబడ్డాడు. "కోడలా... పేలింది రైఫిలే కదూ?"

నాటు తుపాకీ గొట్టంలోంచి లేస్తున్న పొగను కుందేలు చూసింది.

"రైఫిలే మామా," అంది. "అడవంతా చెబుతాలే."