బిందె బిందెకీ ఒకటే ప్రశ్న

కొండవాలు కాలనీ కుళాయి మొరాయించి మూడు గంటలైంది. మండుటెండలో, కుళాయి కిందికి మోసుకెళ్లే బెల్టు కదలక, దాని మీద నాలుగు వేల బిందెలు బారులు తీరాయి. ఆ కుళాయికి ప్రోగ్రాం రాసిన హేమలత బిందె అన్నిటికన్నా ముందుంది.

తప్పెక్కడుందో ఆమెకు అర్థమైంది. కాలనీలో బతికున్నవాళ్ల జాబితా మొత్తం ఒక్కసారే తెచ్చుకోవలసిన కుళాయి, ఒక్కో బిందెకీ విడిగా సర్వర్‌ను అడుగుతోంది: దీని యజమాని బతికే ఉన్నారా? లేనివాళ్ల బిందెకు నీళ్లు రావు. నాలుగు వేల ప్రశ్నలు మీద పడి సర్వర్ చతికిలబడింది. పది బిందెలతో పరీక్షించిన రోజున చిటికెలో జవాబొచ్చింది. చాల్లే అనుకుంది.

వెనక జనంలో తోపులాట మొదలై ఎవరిదో తల పగిలింది. రాళ్లు లేచాయి. కిందపడ్డవాళ్లను తొక్కుకుంటూ జనం కుళాయి మీదికి వచ్చారు.

"ఆగండి! తప్పు నాదే, ఇప్పుడే సరిచేస్తాను!" అని అరిచింది హేమలత.

పక్కింటి సన్యాసమ్మ గిర్రున తిరిగింది. "నీదేటే? నా మనవరాలు దాహంతో పడిపోనాదే!" అంటూ బెల్టు మీది ఇత్తడి బిందె లాగి, ఆమె నెత్తిన మోదింది. మళ్లీ మోదింది. హేమలత ఊపిరి ఆగేదాకా మోదింది.

అప్పుడు బెల్టు కదిలింది. హేమలత బిందె కుళాయి కిందికి చేరింది. మూడు గంటల కిందటి ప్రశ్నకు, బతికే ఉన్నారని సర్వర్ జవాబిచ్చింది.

నీళ్లు ధారగా పడ్డాయి.