పన్నెండో నంబరు పానా

“ఆ పానా మీద చెయ్యేసినావంటే ఊరుకోను!”

గవరమ్మ కేకకి వరహాలు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

బోయిగూడ సందులో ఇంటి ముందున్న రేకుల షెడ్డే అతని గ్యారేజీ. పొద్దున అతను స్నానం చేసి వచ్చేలోగా భార్య అతని పనిముట్లన్నిటినీ, తన కుట్టుపని కత్తెరనీ తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టి, దుర్గమ్మ పటం ముందు పీట మీద పేర్చేసింది. ఈ రోజు ఆయుధపూజ. రేపు పొద్దున హారతి ఇచ్చేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు.

“ఒక్క పన్నెండో నంబరు పానా, గవరా. ఒక్క తిప్పు తిప్పి తెచ్చి పెట్టేస్తాను.”

“ఏటి, అమ్మవారితో బేరాలా? ఏడాదంతా కూడు పెట్టిన సామాన్లకి ఒక్క రోజు సెలవిస్తే నీదేటి పోద్ది?”

పోయేది అతని పరువు. షెడ్డులో ఉన్న కారుకి రోటరీ ఇంజను. అందులో పిస్టన్లుండవు, మూడు మూలల దిమ్మలు గిర్రున తిరుగుతాయి. ఆ మూలల్లో ఉండే సన్నటి సీళ్ల మీద నాలుగు గొట్టాల్లోంచి ఆయిలు చుక్కచుక్కగా పడాలి. ఇంజను విప్పి మళ్లీ బిగించాడు కాబట్టి గొట్టాల నిండా గాలే. గాలి పోకుండా స్టార్ట్ చేస్తే సీళ్లు ఎండిపోయి గీసుకుపోతాయి. ఏడు నెలల పని ఏడు నిమిషాల్లో బూడిద. ముగ్గురు మెకానిక్కులు దండం పెట్టి పంపేసిన ఇంజను అది. నేను చేస్తానని మాటిచ్చింది వరహాలు ఒక్కడే.

సిరంజితో ఆయిలు ఎక్కించి మూడు గొట్టాలు నింపాడు. నాలుగోదాని మూతి దగ్గర బోల్టు కాస్త వదులు. ఎంత నింపినా అక్కణ్నించి గాలి పీలుస్తోంది. పోయిందనుకున్న బుడగ మళ్లీ ప్రత్యక్షం.

“వరహాలు గారూ, పన్నెండైంది,” అంది ఇంద్రజ. కారు ఆమెది. ఎల్లుండి చెన్నై ట్రాక్ మీద పందెంలో దాన్ని నడపబోయేదీ ఆమే. “నాలుగింటికి ట్రక్కు వచ్చేస్తుందండీ. పెట్రోల్లోనే ఆయిల్ కలిపేసి స్టార్ట్ చేసేద్దామా?”

“కలిపితే ఆ వదులు బోల్టు బిగిసిపోద్దా అమ్మా? అందులోంచి కారిన ఆయిలు వేడి గొట్టం మీద పడిందంటే మీరు ట్రాక్ మీద మంటలేసుకుని తిరుగుతారు.”

వేళ్లతో తిప్పాడు. చర్మం లేచింది. వంటింటి పట్టకారు తెచ్చి పట్టించాడు. అది జారి బోల్టు అంచు అరిగింది. ఇంకోసారి జారితే పానాకి కూడా దొరకదు. పట్టకారు విసిరి గోడకేసి కొట్టాడు.

పానా కొనడానికి స్కూటర్ మీద రాణిగంజ్ వెళ్లిన ఇంద్రజ ఉత్త చేతులతో తిరిగొచ్చింది. “తెరిచి ఉన్నది ఒకే ఒక్క షాపండీ. ఈ రోజు అమ్మకాల్లేవు మేడమ్ అని పులిహోర పొట్లం చేతిలో పెట్టి పంపించాడు.”

వరహాలు రోడ్డు దాటి ఎదురు షెడ్డులోకి పరిగెత్తాడు. అక్కడ జకర్యా కాలు మీద కాలేసుకుని చాయ్ తాగుతున్నాడు.

“జకర్యా భాయ్, నీకైతే ఈ పూజలుండవు కదా. పన్నెండో నంబరు పానా ఒకటియ్యి.”

“నాకుండయి గని, నా పనోళ్లకుంటయి కదనే. పొద్దుగాలనే సామానంత పేర్చి పూలు వెట్టిర్రు. మాలికును, నన్నే దగ్గరికి రానిస్తలేరు. ఎందుకన్నా గంత పరేషాన్? జెర రేపటిదాంక ఆగరాదు. గా సమోసా ఇంజను ఏడికి వోతది?”

“సమోసా కాదు, రోటరీ!”

“మూడు మూలలుంటే సమోసానే.”

వరహాలు పళ్లు నూరుకుంటూ వెనక్కి వచ్చాడు. టైము రెండున్నర. అప్పటిదాకా పీట పక్కనే కాపలా కూర్చున్న గవరమ్మ లేచింది.

“నాకు తల పగిలిపోతంది. కాసేపు తొంగుంటాను. పైన అమ్మవారు సూత్తంది, నీ ఇష్టం,” అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

అతను పది నిమిషాలు ఆగాడు. చెప్పులు విప్పాడు. పీట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, “తల్లీ, ఒక్క అరగంట కళ్లు మూసుకో,” అని గొణిగి పానా లాగేశాడు.

బోల్టు విప్పి, నలిగిపోయిన రాగి వాషరు తీసి కొత్తది వేశాడు. సిరంజితో నిదానంగా ఆయిలు నెట్టాడు. గాజులాంటి గొట్టంలో బుడగ చీమలా పాకుతూ వచ్చి, చివర టప్పున పగిలింది. ఇంకోటి రాలేదు. బోల్టు బిగించి, చొక్కాతో చెమట తుడుచుకుని తలూపాడు.

ఇంద్రజ తాళంచెవి తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి, ఒక్కసారిగా అందుకుంది. షెడ్డంతా పొగ. సందులో కుక్కలు పరుగు తీశాయి. ఎదురు షెడ్డులో జకర్యా చాయ్ గ్లాసు ఎత్తి చూపించాడు. ఇంద్రజ కళ్లలో నీళ్లు పొగకా, సంతోషానికా తెలియలేదు.

నాలుగుంబావుకి కారుని ఎక్కించుకుని ట్రక్కు కదిలింది. అప్పుడు తట్టింది వరహాలుకి. ఇంత చప్పుడైనా గవరమ్మ బయటికి రాలేదేం? అలిగిందా? అమ్మవారికి ఏదైనా మొక్కుకుంటోందా? ఇక నెల రోజులు మాటలుండవు.

పానాని చొక్కాలో దాచుకుని, పిల్లిలా అడుగులేస్తూ పీట దగ్గరికి వెళ్లాడు.

గవరమ్మ అక్కడే ఉంది. అటు తిరిగి, ఒళ్లంతా దారప్పోగులతో, పసుపు చెరిగిపోయిన కత్తెరని గుట్టుచప్పుడు కాకుండా పటం ముందు సర్దుతోంది.

అలికిడికి ఉలిక్కిపడి తిరిగింది. “రేపటి పెళ్లికూతురి జాకెట్టయ్యా... అమ్మవారికి సెప్పీసే తీసినాను!”