వెయ్యి గ్రాముల బిడ్డ

ఆసుపత్రి మూడో అంతస్తులో, గోడకి అంటించిన పట్టిక ముందు పెద్దాయన చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు.

భుజాన తోలుసంచి, చొక్కా జేబులో రెండు స్క్రూడ్రైవర్లు. నెలకోసారి వచ్చి, పసిపిల్లల వార్డులో తూకాలు సరిచూసి పోయే మెకానిక్ ఆయన.

"ఇందులో ఒక బిడ్డ తక్కువగా ఉందమ్మా," అన్నాడు.

కంప్యూటర్ ముందున్న అమ్మాయి తలెత్తింది. వార్డులో అందరూ ఆమెను లెక్కలమ్మాయి అంటారు. ఆ పట్టిక ఆమె చేతి పనే. హెడ్ నర్సు రెండు రోజులు కూర్చుని విడదీసే జాబితాని, ఆమె పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం కళ్లు మూసి తెరిచేలోగా తేల్చేస్తుంది.

ఆ నెల ఇంటికి వెళ్లిన పిల్లల్ని, పుట్టినప్పటి బరువును బట్టి నాలుగు గ్రూపులు చేయడం దాని పని. కిలోకి తగ్గితే పెద్దాసుపత్రికి పంపేస్తారు కాబట్టి, మొదటి గ్రూపు వెయ్యి గ్రాముల నుంచి పదిహేను వందల దాకా. ఆ గ్రూపు పిల్లల ఇళ్లకి నర్సు రోజు విడిచి రోజు వెళ్లి చూసి రావాలి.

పట్టిక నెత్తిన మొత్తం నాలుగు వందల పన్నెండు అని ఉంది. కింద నాలుగు గళ్లూ కూడితే నాలుగు వందల పదకొండే వస్తోందట. నిలబడ్డచోటే నోటిలెక్క వేశాడట.

మధ్యాహ్నంలోగా సూపరింటెండెంటు గారికి రిపోర్టు ఇవ్వాలి. ఆమెకి చిరాకేసింది. ఎవరో బరువు రాయడం మర్చిపోయి ఉంటారని, అలాంటివాటిని కంప్యూటర్ పక్కన పెడుతుందని చెప్పింది.

"పక్కన పెట్టినవాళ్లని ఎవరు చూస్తారమ్మా?"

"తాతగారూ, తూకాలు మీరు చూసుకోండి. లెక్కలు నేను చూసుకుంటాను."

ఆయన నొచ్చుకున్నట్టు కనిపించలేదు. సంచి సర్దుకుని వార్డు వైపు వెళ్లాడు.

మరుసటి నెల పట్టికలో మొత్తానికీ గళ్లకీ ఏకంగా మూడు తేడా వచ్చింది.

ఈసారి ఆమె వెతికింది. ముగ్గురికీ బరువు శుభ్రంగా రాసే ఉంది. ముగ్గురిదీ సరిగ్గా వెయ్యి గ్రాములే.



ఆమె ఉద్దేశం వెయ్యి నుంచి అని. పైథాన్ దాన్ని వెయ్యి దాటితేనే అని తీసుకుంది. అటు కిలోకి తక్కువా కాక, ఇటు మొదటి గ్రూపులోకీ రాక, అందరికంటే చిన్న పిల్లలే ఏ గడిలోనూ లేకుండా జారిపోయారు.

దిద్దడానికి ఒక్క మాట చాలింది. ఆ ముగ్గురి పేర్లూ అప్పుడే జాబితాకెక్కాయి.

పోయిన నెల తప్పిపోయిన బిడ్డ ఇంటికి వెళ్లి అప్పటికే ముప్పై రెండు రోజులు. ఒక్క నర్సూ ఆ గుమ్మం తొక్కలేదు.

తప్పు తనదేనని హెడ్ నర్సుకి తనే చెప్పింది. ఇద్దరూ ఆటో ఎక్కారు.

సగం దారిలో హెడ్ నర్సు బయటికి చూస్తూ అంది. "ఆ రోజు ఆయన నా దగ్గరికీ వచ్చాడు. రిజిస్టర్లో వేలు పెట్టి మరీ చూపించాడు. జాబితాలో పేరు లేనిదే నర్సుని పంపే వీల్లేదన్నాను."



కుట్టుమిషన్ల దుకాణం మీద ఒక్క గది. ఇరుకు మెట్లు. తలుపు తీసిన తల్లి గుండెలకి చీరకొంగుతో కట్టి ఉంది బిడ్డ. నిద్రపోతోంది.

లెక్కలమ్మాయి తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయింది.

నర్సు రాలేదని తల్లి నిష్ఠూరమాడలేదు. మీ తాత వచ్చేవాడుగా అంది. రోజు విడిచి రోజు, ఆ మెట్లన్నీ తూకం మోసుకుని ఎక్కేవాడట. బరువు చూసి అట్ట మీద రాసేవాడట. ఎన్నిసార్లు పాలిచ్చావని గుచ్చి గుచ్చి అడిగేవాడట. ఒకసారి నలభై గ్రాములు తగ్గితే, అప్పటికప్పుడు వాళ్లని ఓపీకి తీసుకెళ్లి, డాక్టరు చూసేదాకా కదల్లేదట.

అట్ట చూపించింది. గుండ్రటి అక్షరాలు. చివరి అంకె రెండు కిలోల రెండు వందలు.

"వారం నుంచి రావట్లేదు. ఒంట్లో బాగాలేదేమో, కనుక్కుని చెప్పండమ్మా," అంది తల్లి.

మర్నాడు లెక్కలమ్మాయి తూకాల కంపెనీకి వెళ్లింది. ఆయనకి చెప్పవలసిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కుంది.

అక్కడి మేనేజరు ఆమెను కూర్చోబెట్టాడు. ఆయన పోయి ఆరు రోజులైందని, నిద్రలోనే పోయాడని చెప్పాడు.

చెప్పాలనుకున్న మాటలు పక్కన పెట్టి ఆమె, మరి వచ్చే నెల నుంచి మా తూకాలు చూడ్డానికి ఎవరిని పంపుతారని అడిగింది.

మేనేజరు అయోమయంగా చూశాడు. ఆసుపత్రితో ఒప్పందం ముగిసి ఎనిమిదేళ్లయిందని, ఆయన ఉద్యోగం మానేసిందీ అప్పుడేనని, తాము అక్కడికి ఎవరినీ పంపడం లేదని అన్నాడు.

"మరి నెల తప్పకుండా వచ్చేవారే?"

మేనేజరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎనిమిదేళ్ల కిందట మీ వార్డులో ఒక తూకం రెండు వందల గ్రాములు ఎక్కువ చూపించిందమ్మా, దాన్ని నమ్మి ఇంటికి పంపేసిన బిడ్డ మూడో రోజు పోయింది, ఆ తూకం బాగుందని తొందరలో సంతకం పెట్టింది ఆయనే."