దాత పెట్టిన కళ్ళజోడు

వేదిక మీద దాత మైకు వదలడం లేదు. పోయిన వారం డాక్టరు కళ్ళు చూసి ఇచ్చిన చీటీలు పట్టుకుని, కింద వరసలో నిలబడ్డ మేం కాళ్ళు పీకుతున్నా చప్పట్లు కొడుతున్నాం.

"దండగ ఖర్చులు మానండి, దానం చెయ్యండి. అప్పుడే డబ్బుకి బానిస కాకుండా బతుకుతారు. నన్ను చూడండి!"

ఉచిత కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళకు ఈ ఉపదేశం!

"ఎముక లేని చెయ్యమ్మా ఆయనది," అంది నా ముందున్న పెద్దావిడ.

చెయ్యి సంగతేమోగాని, నాలుకకు నరం లేదని మాత్రం తెలుస్తూనే ఉంది. దారం కట్టిన నా పాత జోడు సర్దుకున్నాను.

పంపకం మొదలైంది. దాత తన చేత్తోనే అందరికీ కళ్ళజోళ్ళు పెడుతున్నాడు, చూపు మాత్రం కెమెరా మీదే. పెద్దావిడకు ఒక చెవికే తగిలించి వదిలేశాడు. పాపం, ఆమె దానికే దణ్ణం పెట్టింది.

నా వంతు వచ్చింది. పాత జోడు తీసి చేత్తో పట్టుకున్నాను. కొత్తది నా ముక్కు మీద పెట్టి, కెమెరాకేసి పళ్ళికిలించాడు.

"ఒక్కసారి ఆవిడవైపు చూడండి సార్," అన్నాడు ఫోటోగ్రాఫర్.

చూశాడు. ఇకిలించిన పళ్ళు లోపలికి పోయాయి.

"నువ్వా! ఇక్కడేం చేస్తున్నావ్?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంట్లో అడిగితే దండగ ఖర్చన్నారుగా. ఇక్కడైతే దానమట. అందుకే వరసలో నిలబడ్డానండీ."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన ముఖం అంత స్పష్టంగా కనిపించడం అదే మొదలు. దారం కట్టిన పాత జోడే నయమనిపించింది.