భుజం మీద చెయ్యి

ముసలి నాలియాకా చెయ్యి వచ్చి మసిండె భుజం మీద పడింది.

"వీడే," అంది. "నా కొడుకుని నరికింది వీడే."

మసిండెకి ముందు నవ్వొచ్చింది. పక్కన నిలబడ్డ క్లాస్‌మేట్లు కూడా పెదాలు బిగించుకున్నారు. అందరూ ఊళ్లోని కాలేజీలో క్రిమినల్ జస్టిస్ కోర్సు చదివే కుర్రాళ్లు. గుర్తింపు పరేడ్‌లో నిందితుడి పక్కన అదే వయసు, అదే ఎత్తు ఉన్నవాళ్లు నిలబడాలి. పోలీసులు అడిగితే లెక్చరర్ ఒపిచో వీళ్లని స్టేషన్‌కి వెంటబెట్టుకొచ్చాడు. అసలు నిందితుడు వంజాలా వరసలో ఆ చివర నిలబడి గోళ్లు చూసుకుంటున్నాడు.

"తొందరేం లేదమ్మా," అంది ఇన్‌స్పెక్టర్ జెరోనో. "వరసంతా ఇంకోసారి చూడు."

"సాక్షికి మీరు సలహాలివ్వకూడదు మేడమ్," అన్నాడు వంజాలా కోసం నైరోబీ నుంచి వచ్చిన లాయరు. "చెయ్యి వేసింది. అయిపోయింది."

నాలియాకా వరస వైపు చూడలేదు. చెయ్యీ తియ్యలేదు. మసిండె నవ్వు పోయింది.

"అమ్మా, నేను మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. మీ పిండిమర ఎక్కడుందో కూడా నాకు తెలీదు."

"పిండిమర సంగతి నీకెవరు చెప్పారు?" వెంటనే అందుకున్నాడు లాయరు.

"మా సారు... హత్య అక్కడే జరిగిందని ఇందాకే చెప్పారు."

"ఆ హత్య జరిగిన రోజు ఎక్కడున్నావు?"

"క్లాసులో ఉన్నాననుకుంటా."

"అనుకుంటావా?"

మసిండె ఇలాంటప్పుడు మనిషికి ఏ హక్కులుంటాయో నిన్ననే చదివాడు. ఒక్కటీ గుర్తుకు రాలేదు. స్నేహితుల వైపు చూస్తే వాళ్లు నేల చూపులు చూస్తున్నారు. ఇందాకటిదాకా పక్కనే నిలబడ్డ కుర్రాడు ఓ అడుగు దూరం జరిగాడు.

చివరికి ఒపిచో ముందుకొచ్చాడు. "వాణ్ణి వదిలెయ్యండి. ఆ రోజు నా క్లాసులో మొదటి బెంచీలో కూచుని గురకపెట్టాడు. లేపి క్లాసయ్యేదాకా నిలబెట్టింది నేనే. క్లాసంతా సాక్ష్యం."

"నాక్కావలసిందీ అదే," అని లాయరు ఫైలు మూశాడు. "మీ సాక్షి పొరబడింది. ఇంకో సాక్షి ఉంటే చెప్పండి."

జెరోనో దగ్గర ఇంకో సాక్షి లేడు. ఆమె కాసేపు నాలియాకా వంక చూసింది, తర్వాత కానిస్టేబుల్‌కి తలూపింది. వంజాలా చేతులు దులుపుకుంటూ గేటు వైపు నడిచాడు. మసిండె ముందు ఒక్క క్షణం ఆగి, "థాంక్స్ బ్రదర్," అనేసి వెళ్లిపోయాడు.

బయటికొచ్చాక ఒపిచో పాఠం మొదలుపెట్టాడు. "చూశారా? కళ్లారా చూశానన్న మనిషి మాట ఎంతవరకు నమ్మొచ్చో. వయసు, భయం, కడుపుకోత. ఈ మూడూ కలిస్తే జ్ఞాపకంలో మొహాలు మారిపోతాయి. పరీక్షలో ఇదే రాయండి. మసిండె, నీకు ఫుల్ మార్కులేరా."

అందరూ నవ్వారు. మసిండెకి నవ్వు రాలేదు. ఒక హంతకుడు తన మొహాన్ని అడ్డం పెట్టుకుని బయటపడ్డాడు. తను చేసిన తప్పేమీ లేదు, చెయ్యగలిగిందీ ఏమీ లేదు. ఇదే అతన్ని ఎక్కువగా తొలిచేస్తోంది.

నాలియాకా రోడ్డు పక్కన బాడుగ బైకు కోసం నిలబడి ఉంది. అతను పరుగున ఆమె దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఒక్కసారి నా మొహం సరిగ్గా చూడండి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఇన్‌స్పెక్టర్ గారిని నేను బతిమాలతాను. మళ్లీ చూపించమని అడుగుదాం."

ఆమె తలెత్తింది. "నిన్నేమైనా కొట్టారా నాయనా?"

"లేదమ్మా. వదిలేశారు."

"వదిలేస్తారనే అనుకున్నా." ఆమె ఊపిరి పీల్చుకుంది. "నువ్వు కాలేజీ వ్యాన్ దిగుతుంటే చూశాను. చదువుకునే పిల్లాడు, నిన్నేమీ చెయ్యరులే అనుకున్నా."

మసిండె ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు.

"అంటే... వంజాలాని మీరు గుర్తుపట్టారా?"

"నా బిడ్డని చంపినవాణ్ణి ఎలా మర్చిపోతాను?"

బైకు వచ్చి ఆగింది. ఆమె ఎక్కి కూచుని, తొందరగా పోనిమ్మని బైకు నడిపేవాడికి చెప్పింది. అంతలోనే మసిండె వైపు వంగి గొంతు తగ్గించింది.

"పొద్దున్నించీ వాడి అన్న మా ఇంట్లోనే కూచున్నాడు నాయనా, నా మనవరాలిని ఒళ్లో పెట్టుకుని."