మంచి మట్టి

"బాబాయిగారూ, నిజం చెప్పండి. ఈ షెడ్డులో ఎప్పుడైనా తోళ్ల పని చేశారా?"

"తోళ్లా?" మెకానిక్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "ఇక్కడ తోలన్నది ఈ చెప్పులకి తప్ప ఇంకెక్కడా లేదమ్మా."

వీధిలో అందరూ 'మట్టి మేడమ్' అని పిలిచే ఆవిడకి నవ్వు రాలేదు. అప్పటికే తల ప్రాణం తోకకొచ్చి ఉంది. నగరపాలక సంస్థ ఈ వీధి మొత్తం కొని, పాతవన్నీ పడగొట్టి, పార్కూ బస్టాండూ కట్టాలనుకుంది. కొనేముందు ఏ స్థలంలో ఏ విషం దాగుందో మట్టి తీసి పరీక్ష చేయించి చెప్పడం ఆవిడ పని. మిగతా ఇళ్లన్నీ గట్టెక్కాయి. ఈ ఒక్క మెకానిక్ షెడ్డు దగ్గరే బండి ఆగిపోయింది.

కిందటి నెల ఆవిడ తీసిన మట్టిలో ఇంజన్ నూనె కనబడింది. అందులో వింతేమీ లేదు. ఇన్నేళ్లుగా బళ్లు బాగుచేస్తున్న చోట నూనె కాక పన్నీరు కనబడుతుందా? ఒక మూలే కదా, మేమే శుభ్రం చేయించుకుంటాం అని నగరపాలక సంస్థ కూడా ఒప్పుకుంది. నూనె ఎంత లోతుకి దిగిందో చూడ్డానికి కిందటి వారం ల్యాబు మనుషులే వచ్చి మళ్లీ మట్టి పట్టుకెళ్లారు. నిన్న ఫలితం వచ్చింది. నూనె చుక్క లేదు. దాని బదులు తోళ్ల ఫ్యాక్టరీల చుట్టూ దొరికే క్రోమియం, అది చాలదన్నట్టు సీసం. మనిషన్నవాడు అక్కడ కాపురం ఉండకూడదన్నంత ఉంది.

"ఉన్న నూనె ఎక్కడికి పోయింది? లేని విషం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అందావిడ.

"ల్యాబువాళ్లు ఇంకెవరి మట్టో చూసుంటారు."

"మళ్లీ చేయించాను. ఇవాళ కూడా అదే వచ్చింది."

ఇంతలో ఫోను మోగింది. స్థలాలు కొనే విభాగం అధికారి. "ఏమైందమ్మా ఆ షెడ్డు సంగతి? వీధి వీధంతా సంతకాలు పెట్టేసి, సామాన్లు కట్టుకుని కూర్చుంది. ఇవాళ తేల్చకపోతే మొత్తం వీధినే పక్కన పెట్టి ఇంకో వీధి చూసుకుంటాం. వీళ్లకి కట్టిస్తున్న కొత్త ఇళ్లూ ఆ ఇంకో వీధివాళ్లకే పోతాయి."

"తేలుస్తాను సార్" అని పెట్టేసింది. ఏమని తేలుస్తుంది? బాగుందని రాస్తే విషం దాచినట్టు. బాగాలేదని రాస్తే ఇంతమంది నోట్లో మట్టి కొట్టినట్టు.

షెడ్డు వెనక గదిలోంచి మెకానిక్ భార్య దగ్గుకుంటూ వచ్చింది. మాట బయటికి రావడానికి కాసేపు పట్టింది. "ఈ వాసన పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు ఇలా తగలడ్డాయమ్మా. ఇక్కణ్ణుంచి లేవకపోతే కష్టమని డాక్టరు చెప్పేశాడు. ఆ కొత్తింటికి వెళ్తే కాస్త మంచి గాలి తగులుతుంది. నీకు పుణ్యముంటుంది, ఆ సంతకమేదో పెట్టెయ్యి."

ఆవిడకి జాలేసింది, జాలి వెంటే ఒళ్లు మండింది. తన చేతిలో ఏముందని? మట్టిలోకి తిప్పి దింపే పొడుగాటి బరమా తీసుకుని ఆ మూలకే నడిచింది. కిందటి నెల ఇద్దరు వేలాడితే గానీ దిగని బరమా ఇవాళ ఒంటిచేత్తో దిగిపోయింది. పైకి లాగి చూస్తే మట్టి ఎర్రగా, మెత్తగా, రాయీ రప్పా లేకుండా ఉంది.

"బాబాయిగారూ, ఇది ఈ షెడ్డు మట్టి కాదు."

మెకానిక్ పక్కనున్న స్పానర్ అందుకుని తుడవడం మొదలుపెట్టాడు.

"నేను చెప్పేదాకా ఇక్కడ ఏదీ ముట్టుకోవద్దన్నానా లేదా?"

"అన్నారు."

"మరి?"

"ఇంటికి నలుగురొస్తున్నారంటే ఊడ్చుకోమా అమ్మా?" భార్య అడ్డొచ్చింది. "ఆ నూనె మట్టి మళ్లీ నీ కంట పడితే ఏం బాగుంటుందని, ఇద్దరం కలిసి నడుం లోతు తవ్వేశాం. ఈయన తవ్వడం, నేను గోనెల్లోకి ఎత్తడం. మంచి మట్టి తెప్పించి, జల్లెడ పట్టి మరీ పోశాం."

మట్టి మేడమ్ నెత్తి కొట్టుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే ఇది. నూనె ఉన్నా కొంటామన్న స్థలాన్ని కష్టపడి మరీ పాడుచేసుకున్నారు. చెడామడా తిట్టాలనిపించింది. కానీ ఆ కోపం సగంలో ఉండగానే గుండె తేలికపడింది. విషం ఈ నేలది కాదు. పోసిందంతా ఎత్తి పారేయిస్తే వీధి గట్టెక్కుతుంది. ఈ పిన్నిగారు కొత్తింటికి వెళ్లి హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది.

"పోనీలెండి, అయిందేదో అయింది" అంది, ఇవాళ మొదటిసారి మెత్తగా. "ఈ మట్టి ఎక్కడిదో చెప్పండి చాలు. ముందు ఆ చోటికి ఎవర్నీ వెళ్లకుండా ఆపించాలి."

మెకానిక్ ఇంకా స్పానరే తుడుస్తున్నాడు. "దొంగ మట్టి కాదమ్మా. మా బావమరిది ట్రాక్టర్ తోలతాడు. అక్కడ తవ్విందంతా కాంట్రాక్టరు ఎలాగూ బయట పారబోయిస్తున్నాడు కదా అని ఓ రెండు ట్రిప్పులు ఇటు తోలాడు."

"ఎవరు తోలారని కాదు బాబాయిగారూ. ఎక్కణ్ణుంచి అని అడుగుతున్నాను."

"చెప్పండి, మనకి దాపరికమెందుకు?" అని మొగుణ్ణి కసిరి, దగ్గు ఆపుకుని భార్యే చెప్పింది. "మాకిచ్చే కొత్త ఇళ్లకి పునాదులు తవ్వుతున్నారు కదమ్మా, అక్కడిదే."