శనివారం హిందీ భజన

"అత్తా, ఇది భజన కాదు, పాత హిందీ సినిమా పాట! ఇందులో పాడే ఆయమ్మ పిలిచేది దేవుణ్ణి కాదు, మనసైనోణ్ణి," అనింది కొత్త కోడలు సౌందర్య, నవ్వు ఆపుకోలేక.

చోరనూరులో ఆ ఇంట ప్రతి శనివారం భజన. కడాకు అత్త తిమ్మమ్మ ఈ పాటే ఎత్తుకుంటాది. అర్థం తెలీకపోయినా అందరూ చేతులు జోడించి వంత పాడతారు. ఇప్పుడు అందరి గొంతులూ ఆగిపోయినాయి.

తిమ్మమ్మ బావగారు హార్మోనియం మూసేసినాడు. "చాలు తిమ్మమ్మా. దేవుని ముందర తప్పు. మంగళహారతి పాడు."

తిమ్మమ్మ వదిలిన కాడనే పాట అందుకొని, ఇంకా గట్టిగా, చివరిదాకా పాడింది. తోడు తాళాలు మాత్రం మోగినాయి.

"పాపం, తెలీక పాడింటావులే అత్తా," అని సర్దబోయింది సౌందర్య.

"ఇన్నేండ్లూ తెలిసే పాడినా. మొగుని పేరు గూడా నోటితో చెప్పనీయని ఇంట్లో, ఆయప్పకు నా పాట ఇంకెట్ల వినిపించేది? వచ్చే శనివారం గూడా పాడతా."

హార్మోనియం ఆగినా ఆగని తాళాలు ఎవరివో సౌందర్య అప్పుడు చూసింది. మూలన మామ తల ఎత్తకుండా నవ్వుకుంటాండాడు.